సైకిళ్ళ దేశంలో ప్రవాసి

ప్రవేశిక

ఉద్యోగం కోసమో, ఉన్నత విద్య కోసమో స్వదేశాన్ని వీడి వెళ్ళినవారికి కొత్త భాష, కొత్త ఆహారం, కొత్త వాతావరణం ఎదురవుతాయని అందరికీ తెలుసు. అయితే చిన్ననాడే నేర్చి మరచిన విద్యను కూడా అక్కడ మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవలసి వస్తుందని చాలామంది ఊహించరు. నెదర్లాండ్స్‌లో నివసించే ప్రవాసులకు సైకిలు అటువంటి విద్య. ఒక సామాన్య వాహనం ఒక జాతి జీవనవిధానంలో ఎలా భాగమైందో, పరదేశి ఆ జీవనంలోకి ఎలా అడుగు పెడతాడో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగువారికి సైకిలు కొత్త వస్తువు కాదు. ఒకప్పుడు ఉత్తరాలు తెచ్చే పోస్ట్‌మ్యాన్‌కు, పాలు పోసే రైతుకు, చీరల మూటతో ఊరూరా తిరిగే వ్యాపారికి అదే ఆధారం. గంటకింత అని అద్దె చెల్లించి తెచ్చుకున్న పెద్ద సైకిలు కడ్డీ కిందినుంచి కాలు దూర్చి, మోకాళ్ళు చెక్కుకుపోయేలా పడుతూ లేస్తూ తొక్కడం నేర్చుకున్న తరం ఇంకా మన మధ్యనే ఉంది. కాలక్రమంలో మోపెడ్లు, స్కూటర్లు, మోటారు సైకిళ్ళు, కార్లు వచ్చాయి. సైకిలు వెనకబడింది. సైకిలు తొక్కేవాడు మరొకటి కొనలేనివాడనే భావన సమాజంలో పాతుకుపోయింది. బిడ్డ చదువుకొని విదేశానికి వెళితే కారులో తిరుగుతాడని తల్లిదండ్రులు ఆశపడతారు. ఆ బిడ్డ నెదర్లాండ్స్ నుంచి ఫోను చేసి, "అమ్మా, సైకిలు కొన్నాను" అని చెబితే, "అంత దూరం వెళ్ళి సైకిలు తొక్కే ఖర్మేమిట్రా నీకు?" అని తల్లి బాధపడడం సహజమే. ఆ బాధ వెనుక ఉన్న అపోహ తొలగాలంటే ఆ దేశాన్ని, అక్కడి సైకిలును కొంత దగ్గరగా చూడాలి.

నెదర్లాండ్స్ ఐరోపా ఖండపు వాయవ్య భాగంలో ఉత్తర సముద్ర తీరాన ఉన్న చిన్న దేశం. 17వ శతాబ్దంలో మచిలీపట్నంలోను, భీమునిపట్నంలోను వర్తక స్థావరాలు నెలకొల్పిన డచ్చివారి స్వదేశం ఇదే. ఆ దేశపు నేలలో సుమారు నాలుగోవంతు సముద్రమట్టానికి దిగువన ఉంది. కొండలు దాదాపు లేవు. జనాభా సుమారు 1 కోటి 80 లక్షలు కాగా సైకిళ్ళ సంఖ్య 2 కోట్ల 30 లక్షల వరకు ఉంటుంది. అంటే మనుషుల కంటె సైకిళ్ళే ఎక్కువ. ప్రజలు చేసే ప్రయాణాలలో దాదాపు నాలుగోవంతు సైకిలు మీదనే సాగుతాయి. ఎర్రని తారు పరచిన ప్రత్యేక సైకిలు బాటలు ఊరినుంచి ఊరికి, పొలాల మధ్యగా, కాలువల గట్ల వెంట వేల కిలోమీటర్ల పొడవునా అల్లుకొని ఉంటాయి. నీలిరంగు గుండ్రని ఫలకం మీద తెల్లని సైకిలు బొమ్మ కనిపిస్తే ఆ బాట సైకిళ్ళకే ప్రత్యేకించినదని అర్థం.

నేల చదునుగా ఉంది కనుక అక్కడివారు సైకిలు తొక్కుతున్నారని కొందరంటారు. అది కొంతవరకే నిజం. రెండో ప్రపంచ యుద్ధానంతరం ఆ దేశం సంపన్నమయ్యేకొద్దీ కార్లు పెరిగాయి. వాటికోసం వీథులు వెడల్పు చేశారు. కూడళ్ళు కార్లు నిలిపే స్థలాలయ్యాయి. సైకిలు తొక్కేవారు క్రమంగా తగ్గిపోయారు. 1971లో ఒక్క ఏడాదిలోనే 3,200 మందికి పైగా రోడ్డు ప్రమాదాలలో మరణించారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. ఆ ప్రమాదాలలో కన్నకూతురిని పోగొట్టుకున్న విక్ లాంగెన్‌హోఫ్ అనే పత్రికా రచయిత 1972లో "పిల్లల హత్యను ఆపండి" అనే శీర్షికతో ఒక వ్యాసం రాశాడు. ఆ శీర్షికే ఒక ఉద్యమానికి పేరయింది. తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని వీథుల్లోకి వచ్చారు. 1973లో అరబ్బు దేశాలు చమురు సరఫరాను నిలిపివేసినప్పుడు ప్రభుత్వం ఆదివారాలలో కార్లను నిషేధించింది. ఆ ఏడాది నవంబరు 4న మొదలైన ఆ కార్లు లేని ఆదివారాలలో జనం నిశ్శబ్దమైన రహదారులపై సైకిళ్ళు తొక్కుతూ, కాలినడకన తిరుగుతూ, తాము కోల్పోయినదేమిటో గ్రహించారు. 1975లో సైకిలుదారుల సంఘం ఏర్పడింది. హేగ్, టిల్బర్గ్ నగరాలలో ప్రభుత్వం ప్రయోగాత్మకంగా ప్రత్యేక బాటలు వేసింది. ఆ తరువాత డెల్ఫ్ట్ నగరం మొత్తానికీ సైకిలు బాటల వలయం సిద్ధమైంది. కాబట్టి నేడు ప్రవాసి నిశ్చింతగా సైకిలు తొక్కే ఆ ఎర్రని బాట ప్రకృతి ఇచ్చిన వరం కాదు. పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రుల వేదన నుంచి, పౌరుల పట్టుదల నుంచి పుట్టినది.

ఇటువంటి దేశానికి తెలుగు యువతీయువకులు పెద్ద సంఖ్యలో వెళుతున్నారు. ఆమ్‌స్టర్‌డామ్ పక్కనున్న ఆమ్‌స్టల్‌వేన్‌లో భారతీయ కుటుంబాలు అనేకం స్థిరపడ్డాయి. సాంకేతిక పరిశ్రమలకు పేరొందిన ఐండ్‌హోవెన్ ప్రాంతంలోను మనవారు ఎందరో పనిచేస్తున్నారు. దిగిన కొద్దిరోజులకే సహోద్యోగులు చెప్పే మొదటి సలహా, "ముందు ఒక సైకిలు కొనుక్కోండి" అనేదే. సైకిలు తొక్కడం తనకు వచ్చుననే ధైర్యంతో ప్రవాసి బజారుకు వెళతాడు. అక్కడినుంచే అతని విద్యాభ్యాసం మొదలవుతుంది.

మొదటి ఇబ్బంది సైకిలుతోనే వస్తుంది. డచ్చివారు ప్రపంచంలోకెల్లా పొడగరులైన జాతులలో ఒకరు. వారి సైకిళ్ళూ ఎత్తుగానే ఉంటాయి. సీటు మీద కూర్చుంటే మనవారి కాలు నేలకు అందదు. తన ఎత్తుకు తగినది దొరకక పెద్దవాడు పిల్లల సైకిలు కొనుక్కోవలసి రావడమూ కద్దు. రెండో ఇబ్బంది బ్రేకు. అక్కడి సాధారణ సైకిళ్ళు అనేకం పెడలును వెనక్కి తొక్కితే ఆగుతాయి. మన దేశంలో సైకిలు ఎక్కబోయేముందు పెడలును వెనక్కి తిప్పి అనువైన చోట పెట్టుకోవడం అలవాటు. అక్కడ ఆ అలవాటుకొద్దీ తిప్పబోతే పెడలు తిరగదు. నడుస్తుండగా కాలు కొంచెం వెనక్కి వేస్తే చక్రం టక్కున ఆగి మనిషి ముందుకు తూలుతాడు. చేతివేళ్ళు లేని బ్రేకు కోసం వెదుకుతుంటాయి. కాలికి కొత్త పాఠం ఒంటబట్టడానికి కొన్నివారాలు పడుతుంది.

మూడోది దిశ. మనం ఎడమవైపు నడుస్తాం. అక్కడ అందరూ కుడివైపు నడవాలి. తిన్నగా పోతున్నంతసేపు ఇది కష్టమనిపించదు. మలుపు తిరిగిన మరుక్షణం పాత అలవాటు తలెత్తి మనిషిని ఎడమ పక్కకు లాగుతుంది. ఎదురుగా పదిమంది సైకిళ్ళ మీద గంటలు కొడుతూ వస్తుంటే తప్పు తెలిసివస్తుంది. సమాన స్థాయి గల రెండు వీథులు కలిసేచోట సంకేతాలేవీ లేకపోతే కుడివైపునుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలి. కొన్ని కూడళ్ళలో నేలమీద తెల్లని త్రిభుజాలు వరుసగా గీసి ఉంటాయి. అక్కడివారు వాటిని సొరచేప పళ్ళు అంటారు. ఆ పళ్ళ మొనలు ఎవరివైపు ఉంటే వారు ఆగాలి. మలుపు తిరగబోయేముందు చేయి చాచి చూపించాలి. చేతిలో సెల్‌ఫోను పట్టుకొని సైకిలు తొక్కడం 2019 జూలై 1 నుంచి శిక్షార్హమైన నేరం. గంట తప్పక ఉండాలి. చీకటి పడితే ముందు తెల్లని లేదా పసుపుపచ్చని దీపం, వెనుక ఎర్రని దీపం వెలగాలి. డిసెంబరులో ఉదయం ఎనిమిదిన్నర దాటితే గాని తెల్లవారదు. సాయంత్రం నాలుగున్నరకే చీకటి కమ్ముతుంది. ఉద్యోగికి వెళ్ళే దారీ చీకటే, వచ్చే దారీ చీకటే. అందుచేత ఆ దీపాల విలువ ప్రవాసికి తొందరలోనే తెలిసివస్తుంది.

నాలుగోది గాలి. కొండలు లేని ఆ దేశంలో సముద్రం మీదినుంచి వచ్చే గాలికి అడ్డు లేదు. ఎదురుగాలిలో తొక్కడం మెట్ట ఎక్కడంతో సమానం. పది నిమిషాల దారి ఇరవై నిమిషాలవుతుంది. అక్కడివారు ఎదురుగాలిలో సైకిలు తొక్కే పోటీలు కూడా నిర్వహిస్తారంటే ఆ గాలితో వారికెంత చనువో గ్రహించవచ్చు. వాన వస్తే వారు ఆగరు. ప్యాంటు మీద వానప్యాంటు తొడుక్కొని ముందుకు సాగిపోతారు. చినుకు పడగానే చూరుకింద నిలబడడం అలవాటైన మనవాడు మొదటి సంవత్సరం వాన ఆగడానికి ఎదురుచూస్తాడు. రెండో సంవత్సరం తానూ వానకోటు కొనుక్కుంటాడు. ఏ ఎండకు ఆ గొడుగు పట్టాలన్న సామెత అక్కడ అక్షరాలా నిజమవుతుంది.

ఆమ్‌స్టర్‌డామ్ వంటి నగరాలలో వీథిలో పరచిన ట్రాము పట్టాలు కొత్తవారికి మరో గండం. పట్టాను ఏటవాలుగా దాటబోతే చక్రం గాడిలో ఇరుక్కొని మనిషి కిందపడతాడు. అడ్డంగా, వీలైనంత నిటారుగా దాటాలి. సైకిలు దొంగల బెడదా తక్కువేమీ కాదు. అందువల్ల అనుభవజ్ఞులు చక్రానికొక తాళం, కమ్మీకి కట్టే గొలుసుతాళం మరొకటి వేస్తారు. పాత సైకిలుకు కొత్త గొలుసుతాళం కట్టడంలోని ఔచిత్యం మొదట నవ్వు తెప్పించినా, ఒకసారి సైకిలు పోయిన తరువాత బోధపడుతుంది.

నేర్చుకోవలసినవి ఇన్ని ఉన్నా, వీటికి ప్రతిఫలంగా ప్రవాసికి దక్కేది చిన్నది కాదు. పరదేశంలో మొదటి నెలలు పరాధీనమైనవి. దారి తెలియదు, భాష రాదు, ప్రతి చిన్న పనికీ ఒకరిని అడగాలి. సైకిలు చేతికి వచ్చిననాడు ఆ పరాధీనత సగం తీరుతుంది. బస్సు వేళలతో నిమిత్తం లేకుండా కూరగాయల అంగడికి, గ్రంథాలయానికి, వైద్యుని వద్దకు తానే వెళ్ళగలడు. దూరప్రయాణమైతే రైలుస్టేషనుదాకా సైకిలు మీద వెళ్ళి, దాన్ని అక్కడ నిలిపి రైలెక్కుతాడు. యూట్రెక్ట్ కేంద్ర స్టేషను కింద 2019లో పూర్తయిన సైకిళ్ళ నిలయంలో 12,500 సైకిళ్ళు పడతాయి. మొదటి 24 గంటలు రుసుము లేదు. ఆమ్‌స్టర్‌డామ్ కేంద్ర స్టేషను ఎదుట నీటి అడుగున 7,000 సైకిళ్ళకు కట్టిన నిలయం 2023లో ప్రారంభమైంది. రైలు దిగిన ఊళ్ళో తిరగడానికి స్టేషనులోనే అద్దె సైకిళ్ళు లభిస్తాయి. రద్దీ వేళల్లో మామూలు సైకిలును రైలులోకి అనుమతించరు. మడిచే సైకిలుకు ఆ ఆంక్ష లేదు.

ఈ స్వేచ్ఛ అందరికంటె ఎక్కువగా అవసరమయ్యేది భర్త ఉద్యోగరీత్యా వెంట వెళ్ళిన గృహిణికి. భర్త ఉదయం వెళితే సాయంత్రం గాని రాడు. ఇరుగుపొరుగు భాష తెలియదు. పలకరించే బంధువు లేడు. చిన్నతనంలో ఆడపిల్ల సైకిలు తొక్కడమేమిటని పెద్దలు వారించిన కారణంగా చాలామంది స్త్రీలకు ఆ విద్య అసలే రాదు. ముప్ఫై, నలభై ఏళ్ళ వయసులో, తన పక్కనుంచి ఆరేళ్ళ పిల్లలు దూసుకుపోతుంటే సైకిలు పట్టుకొని తడబడడం అభిమానానికి సంబంధించిన విషయం. ఈ ఇబ్బందిని గుర్తించి అక్కడి అనేక నగరాలలో స్వచ్ఛంద కార్యకర్తలు వలస వచ్చిన స్త్రీలకు సైకిలు శిక్షణ తరగతులు నడుపుతున్నారు. మొరాకో, టర్కీ మొదలైన దేశాల నుంచి వచ్చిన స్త్రీలు ఖాళీ మైదానంలో ఒకరినొకరు పట్టుకొని నేర్చుకుంటారు. సైకిలుతోపాటు పది డచ్చిమాటలు, నలుగురు స్నేహితులు వారికి దక్కుతారు.

ఇది మన దేశానికి కొత్త సంగతి కాదు. తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో 1991 ప్రాంతంలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. బీహారు ప్రభుత్వం 2006లో ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్ళిచ్చే పథకాన్ని ప్రారంభించింది. పుదుక్కోటలోనైనా, పరదేశంలోనైనా స్త్రీకి సైకిలు ఇచ్చేది ఒక్కటే: ఎవరినీ అడగకుండా ఇల్లు దాటి వెళ్ళి, తిరిగి రాగల శక్తి.

పిల్లల విషయం ఇందుకు భిన్నం. వారు తల్లిదండ్రుల కంటె త్వరగా ఆ దేశపు పౌరులవుతారు. పసివారుగా ఉన్నప్పుడు ముందు పెద్ద చెక్కపెట్టె అమర్చిన సైకిలులో కూర్చుని తిరుగుతారు. ఆ సైకిలును బాక్‌ఫీత్స్ అంటారు. నాలుగైదేళ్ళకే సొంతంగా తొక్కుతారు. ప్రాథమిక విద్య ముగిసే దశలో చాలా పాఠశాలలు ట్రాఫిక్ నియమాలపై పరీక్ష నిర్వహిస్తాయి. రోడ్డుమీద సైకిలు తొక్కించి పరిశీలించే పాఠశాలలూ ఉన్నాయి. ఉన్నత పాఠశాలకు పిల్లలు గుంపులుగా సైకిళ్ళమీదనే వెళ్ళివస్తారు. పాఠశాల వాకిట కార్లలో ఎదురుచూసే అలవాటున్న ప్రవాస తల్లిదండ్రులకు ఇది మొదట భయం కలిగిస్తుంది. "కుడివైపు చూశావా నాన్నా, అక్కడ మనమే ఆగాలి" అని పదేళ్ళ కూతురు తండ్రికి నేర్పే రోజు వస్తుంది. ఆ రోజున ఇంట్లో గురుశిష్య సంబంధం తారుమారవుతుంది.

ఆ దేశపు చట్టం కూడా బలహీనుని పక్షాన నిలుస్తుంది. మోటారు వాహనం ఢీకొని పాదచారికో, సైకిలుదారుకో గాయమైతే నష్టపరిహార బాధ్యత సాధారణంగా వాహన యజమానిపైనే పడుతుంది. 14 ఏళ్ళలోపు పిల్లల విషయంలో ఆ బాధ్యత దాదాపు సంపూర్ణం. బరువైన యంత్రం నడిపేవాడు ఎక్కువ జాగ్రత్త వహించాలన్నది ఇందులోని న్యాయం. దీన్ని బట్టి సైకిలుదారు ఏమి చేసినా చెల్లుతుందని కొందరు కొత్తవారు పొరబడతారు. ఎర్రదీపం దాటినా, దీపం లేకుండా తిరిగినా సైకిలుదారుకూ జరిమానా తప్పదు.

అంతమాత్రాన నెదర్లాండ్స్‌ను స్వర్గమని భావించడమూ పొరపాటే. 2023లో ఆ దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 684 మంది మరణించగా, వారిలో 270 మంది సైకిలుదారులు. 1971తో పోలిస్తే మొత్తం మరణాలు ఎంతో తగ్గాయి. కాని విద్యుత్ సైకిళ్ళ వేగం, వయోవృద్ధుల ప్రయాణాలు, కిక్కిరిసిన బాటలు కొత్త సమస్యలను తెచ్చాయి. సాధారణ సైకిలుదారులకు శిరస్త్రాణం తప్పనిసరి కాదు, ధరించేవారు అరుదు. ఇది సరైనదా కాదా అనే చర్చ అక్కడా సాగుతూనే ఉంది. ప్రవాసి ఈ విషయంలో ఇరుగుపొరుగును చూసి కాక, తన నైపుణ్యాన్ని బట్టి నిర్ణయించుకోవడం మంచిది.

ఇక తల్లి అడిగిన ప్రశ్నకు వద్దాం. సైకిలు తొక్కడం ఖర్మమా? 2010 నుంచి 2024 వరకు నెదర్లాండ్స్ ప్రధానమంత్రిగా ఉన్న మార్క్ రుట్టే తరచు సైకిలు మీద కార్యాలయానికి వెళ్ళేవాడు. 2024 జూలైలో పదవీబాధ్యతలు కొత్త ప్రధానికి అప్పగించి సైకిలు మీదనే వెళ్ళిపోయాడు. సైకిలు బాటపై ఆచార్యుడు, వడ్రంగి, న్యాయవాది, విద్యార్థి పక్కపక్కనే సాగుతారు. ఎవరి సైకిలు చూసినా వారి సంపాదన తెలియదు. వాహనాన్ని బట్టి మనిషికి విలువ కట్టే సమాజం నుంచి వెళ్ళినవాడికి ఇది అన్నిటికంటె పెద్ద పాఠం. ఎదురుగాలిలో తడుస్తూ తొక్కిన మొదటి ఏడాదిలో అతనికది అవమానంగా తోచి ఉండవచ్చు. మూడో ఏడాది వచ్చేసరికి, అమ్మానాన్నలు చూడవచ్చినప్పుడు, అతడే వారికోసం అద్దె సైకిలు వెదుకుతాడు. తండ్రి సీటెక్కి నాలుగుసార్లు తొక్కగానే, యాభై ఏళ్ళ క్రితం అద్దె సైకిలు మీద నేర్చిన విద్య మరలివస్తుంది. తల్లి ఆ దృశ్యాన్ని ఫోటో తీసి ఊళ్ళో బంధువులకు పంపుతుంది.

మన నగరాలలోనూ మార్పుకు కొన్ని ప్రయత్నాలు జరుగుతున్నాయి. హైదరాబాదు బాహ్య వలయ రహదారి పక్కన సౌరఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023లో ప్రారంభమైంది. అయితే వ్యాయామం కోసం తొక్కే బాట వేరు, కూరగాయలు తెచ్చుకోవడానికి, బడికి పోవడానికి తొక్కే బాట వేరు. మొదటిదానికి స్థలం చాలు. రెండోదానికి ప్రతి వీథిలోను సైకిలుదారుకు చోటివ్వాలనే పౌరుల పట్టుదల కావాలి. ఆ పట్టుదల డచ్చివారికీ పుట్టుకతో రాలేదు. 1970లలో వీథుల్లోకి వచ్చి సాధించుకున్నారు.

అర్థాలు

ప్రవాసి = స్వస్థలాన్ని వదలి వేరొకచోట నివసించేవాడు
అపోహ = పొరపాటు భావన
పరాధీనం = ఇతరులపై ఆధారపడినది
ఔచిత్యం = తగి ఉండడం
శిరస్త్రాణం = తలకు రక్షణగా ధరించే టోపీ
కద్దు = ఉన్నది
ఆంక్ష = కట్టుబాటు, నిబంధన

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. నెదర్లాండ్స్‌లో సైకిలు బాటలు ఏర్పడిన చారిత్రక నేపథ్యాన్ని వివరించండి.
2. సైకిలు విషయంలో ప్రవాసికి ఎదురయ్యే తొలి ఇబ్బందులను, వాటిని అధిగమించే తీరును విశదీకరించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. పరదేశంలో స్త్రీలకు సైకిలు ఎలా తోడ్పడుతుంది?
2. సైకిలుదారుల పట్ల డచ్చి చట్టం వైఖరి ఎటువంటిది?
3. వ్యాయామం కోసం వేసిన బాటకు, నిత్యజీవితానికి పనికివచ్చే బాటకు భేదమేమిటి? మీ ఊరి పరిస్థితితో పోల్చి రాయండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. కార్లు లేని ఆదివారాలు ఎప్పుడు మొదలయ్యాయి?
2. సొరచేప పళ్ళు అంటే ఏమిటి?
3. యూట్రెక్ట్ స్టేషను సైకిళ్ళ నిలయంలో ఎన్ని సైకిళ్ళు పడతాయి?

IV. సంధులు
విద్యార్థి = విద్యా + అర్థి – సవర్ణదీర్ఘ సంధి
ప్రత్యేక = ప్రతి + ఏక – యణాదేశ సంధి

V. సమాసాలు
తల్లిదండ్రులు – తల్లియును, తండ్రియును – ద్వంద్వ సమాసం
సముద్రమట్టం – సముద్రం యొక్క మట్టం – షష్ఠీ తత్పురుష సమాసం
ఎదురుగాలి – ఎదురైన గాలి – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం